పొద్దున పిట్టల పక్కన మనోధర్మం: సీమలో ఆరుబయట కూర్చుని వాయించడం ఎలా

పిట్టలు కూసే తావులో కూర్చుని అప్పటికప్పుడు తోచింది వాయించాలనుకునేవాళ్ళు ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. పిట్ట మన కోసం పాడదు. మగపిట్ట తన ఎల్ల చాటుకుంటుంది, జతను పిలుచుకుంటుంది. ఆ పని చెడితే ఆ ఏడు దాని కాపురమే చెడవచ్చు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఒకే కొలత మీద నడుస్తుంది: మీరు వాయించడం మొదలుపెట్టాక కూడా పిట్ట అదే కొమ్మ మీద, అదే తీరున కూస్తూ ఉండాలి. అది ఆగిందంటే, జరిగిందంటే, గొంతు మార్చిందంటే మీ రాగం ఎంత బాగున్నా ఆ పూట కుదరలేదని అర్థం.

ఈ ప్రయత్నం కొత్తది కాదు. 1924 మే 19న ఇంగ్లండులో బియాట్రిస్ హారిసన్ అనే సంగీతకారిణి తన తోటలో నైటింగేల్ పిట్ట కూస్తుండగా సెల్లో వాయిస్తే బీబీసీ నేరుగా ప్రసారం చేసింది. ఆ రాత్రి వినిపించింది నిజమైన పిట్టేనా అన్న వాదన తర్వాత వచ్చింది. మన కాలంలో అమెరికా సంగీతకారుడు డేవిడ్ రోథెన్‌బర్గ్ క్లారినెట్ పట్టుకుని బెర్లిన్ పార్కుల్లో అవే పిట్టల పక్కన వాయిస్తున్నాడు. అయితే వాళ్ళ పద్ధతి మనకు ఉన్నదున్నట్టు పనికిరాదు. నైటింగేల్ నిశిరాత్రి, చుట్టూ సద్దు తగ్గాక కూస్తుంది. కర్నూలు, అనంతపురం, కడప వైపు మనకు దొరికేది తెల్లవారుజాము. అప్పుడు పది రకాల పిట్టలు ఒకేసారి గొంతెత్తుతాయి. ఆ రద్దీలో చోటు ఎక్కడుందో వెతుక్కోవడమే అసలు విద్య.

తావు ఎంచుకోవడం

ఊరికి కిలోమీటరు, కిలోమీటరున్నర అవతల ఉన్న చింతతోపు, మామిడితోపు, చెరువుకట్ట, కర్నూలు–కడప కాలువ గట్టు మీది చెట్లు మంచివి. అక్కడి పిట్టలు మనుషుల అలికిడికి అలవాటు పడి ఉంటాయి, రకాలూ ఎక్కువే. తోపు ఎవరిదో కనుక్కుని ముందురోజే అడగండి. వేరుశనగ చేలలో అడవిపందులకు రాత్రి కాపలా ఉండే రైతులు చీకట్లో కొత్త మనిషి కనిపిస్తే ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

నీళ్ళు దూకే చోటు వద్దు. తూము దగ్గరా, మరవ పారే చోటా, ఆనకట్ట దిగువనా నీటి హోరు సన్నని గొంతులన్నిటినీ మింగేస్తుంది. బోరు మోటార్లు ఎప్పుడు ఆడతాయో ఆ ఊళ్ళో కరెంటు వేళలు అడిగి తెలుసుకోండి. ధనుర్మాసంలో, అంటే డిసెంబరు నడుమ నుంచి సంక్రాంతి దాకా, వేకువనే గుడి మైకులు మోగుతాయి. ఆ నెల ఊరికి దూరంగా ఉన్న తోపు ఏదైనా దొరికితే తప్ప మానుకోవడమే మేలు.

రాతిగుట్టల సంగతి వేరు. నున్నటి బండ గోడకు 34 మీటర్ల దూరంలో కూర్చుంటే మీ నాదం ఐదోవంతు సెకను తర్వాత తిరిగొస్తుంది. 85 మీటర్లయితే అర సెకను. ఆలాపనకు అది ఇంపుగా ఉంటుంది కానీ లయతో నడిచే తానంలో, స్వరకల్పనలో మీ ముందు స్వరం తర్వాతి స్వరం మీద పడి లయ చెడుతుంది. గండికోట లాంటి లోయ అంచు ఇందుకే ఈ పనికి పనికిరాదు. పైగా అనంతపురం గుట్టల్లో ఎలుగుబంట్లు తెల్లారేసరికి గుహలకు మళ్ళుతుంటాయి. చీకటి విడవకముందు బండల మధ్యకు పోవద్దు. పెద్ద తేనెపట్టు వేలాడే మర్రి కిందా, బండచరియ కిందా మృదంగం పెట్టవద్దు.

వాద్యం తీసుకుపోకూడని తావులు కొన్ని ఉన్నాయి. కడప వైపు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం కలివికోడి ఉనికి తెలిసిన చోటు. అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986లో మళ్ళీ అక్కడే కనిపించింది. అది రాత్రి తిరిగే పిట్ట, కూసేది పొద్దుగూకిన తర్వాత కాసేపే. దాని గొంతు మీద మన గొంతు పడనివ్వకూడదు. రోళ్ళపాడు బట్టమేక పిట్ట కోసం ఏర్పడిన అభయారణ్యం. పాత కర్నూలు జిల్లాలోది, 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. అభయారణ్యంలోకి అడుగుపెట్టాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి కావాలి. గూటినీ గుడ్లనూ కదిలించడం ఆ చట్టం లెక్కలో వేట కిందికే వస్తుంది. హిందూపురం దగ్గరి వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్ళు కడతాయి, ఊరివాళ్ళు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఎదిగిన కొంగలు దాదాపు మూగవి, ముక్కులు టకటకలాడించడమే వాటి మాట. అక్కడ వాయించడానికేమీ లేదు, కూర్చుని చూడండి. పెనుకొండ లాంటి రాతికొండల మీద పసుపుగొంతు పిగిలిపిట్ట ఉంటుంది. దక్షిణాదిన కొన్ని గుట్టల్లో తప్ప ఇంకెక్కడా లేని పిట్ట అది. దాని దగ్గరా అంతే.

కాలమూ గాలీ

మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా మంచి కాలం. కోకిల, పెద్ద నలంచి, కంసాలి పిట్ట అప్పుడు జోరు మీద ఉంటాయి. తొలకరి పడ్డాక గొల్లకోకిల వస్తుంది, గిజిగాళ్ళు గూళ్ళు అల్లుతాయి. కానీ జూన్ నుంచి ఆగస్టు దాకా సీమలో పడమటిగాలి పట్టుకుంటుంది. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. వేపాకులు ఉండి ఉండి కదిలితే పరవాలేదు. ఆకులూ సన్నకొమ్మలూ ఆగకుండా ఊగుతున్నాయంటే గాలి గంటకు 12 కిలోమీటర్లు దాటిందని లెక్క. అప్పుడు మీకు పిట్ట వినపడదు, పిట్టకు తన జత వినపడదు. ఆ పూటకు వాద్యం పెట్టెలోనే ఉంచండి.

కర్నూలులో జూన్ మొదట్లో పొద్దు సుమారు 5:45కు, జనవరిలో 6:45 దాటాక పొడుస్తుంది. పిట్టల సందడి అంతకు అరగంట ముందే మొదలవుతుంది. మీరు దానికి ఇంకో ఇరవై నిమిషాలు ముందు చేరి కూర్చుని ఉండాలి. కూత మొదలయ్యాక నడిచి వస్తే మీ దారి పొడుగునా పిట్టలు మూగబోతాయి. ఇంకో మాట: పొద్దు పొడిచేదాకా వాయించవద్దు. ఆ మొదటి ముప్పావుగంట వాటి పని ముమ్మరంగా సాగే వేళ. పొద్దు పొడిచిన పావుగంట తర్వాత నుంచి ఎండ చురుక్కుమనేదాకా, అంటే వేసవిలో సుమారు 6 నుంచి 7:30 వరకు, మీ వంతు.

చేతిలో టార్చి, కాళ్ళకు మూసిన చెప్పులు లేదా బూట్లు తప్పనిసరి. చెరువుకట్ట గడ్డిలో రక్తపింజరి తెల్లవారుజామున కదలకుండా పడుకుని ఉంటుంది.

ముందు చెవి, తర్వాత వాద్యం

అదే తావుకు కనీసం మూడు పొద్దులు వాద్యం లేకుండా వెళ్ళండి. ఒక చిన్న నోటుబుక్కు చాలు. నడుమ మీరు కూర్చున్న చోటు గుర్తు పెట్టి, చుట్టూ ఏ దిక్కున ఏ పిట్ట ఎన్ని గంటలకు కూసిందో రాయండి. పేరు తెలియకపోతే ఫోన్లో మెర్లిన్ ఆప్ సాయం చేస్తుంది. పొలాల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి మన ప్రాంతపు పిట్టల ప్యాక్ ఇంట్లోనే దించుకోండి. ఆప్‌లో ఉన్న కూతలను అక్కడ బయటికి వినిపించకండి. ఎదురుపిట్ట వచ్చిందనుకుని గూడు వదిలి పోట్లాటకు వస్తాయి.

రికార్డు చేసుకున్న కూతను ఇంటికొచ్చి ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో సగం వేగానికి తగ్గించి వినండి. శ్రుతి ఒక స్థాయి (స నుంచి పై స దాకా ఉన్న ఎడం) కిందికి దిగుతుంది. పావు వేగానికి తగ్గిస్తే రెండు స్థాయిలు. మామూలుగా కిచకిచ అనిపించిన దానిలో జారులు, కంపితాలు, మధ్యలో విరామాలు అప్పుడు తేటగా తెలుస్తాయి. దాన్ని స్వరాల్లో రాసే ప్రయత్నం చేయండి, కానీ స్వరస్థానాల్లోకి బలవంతంగా ఇరికించకండి. పిట్ట గొంతులో నాదం పుట్టే చోటు రెండు పాయలుగా ఉంటుంది. కొన్ని పిట్టలు ఒకేసారి రెండు స్వరాలు పలుకుతాయి. మన పన్నెండు స్వరస్థానాల లెక్క వాటికి లేదు.

నెమలిది షడ్జమం, కోకిలది పంచమం అని సంగీతం నేర్చుకున్న ప్రతివాళ్ళకూ తెలుసు. ఆ మాటను శ్రుతి పెట్టుకోవడానికి వాడకండి. కోకిల ఒక్కో కూతకూ కొంచెం కొంచెం పైకెక్కుతూ పోతుంది, ఏ ఒక్క పంచమం మీదా నిలవదు.

వాద్యమూ దూరమూ

వీణ, వయొలిన్, వేణువు, కంజీర, మెల్లగా పాడే గొంతు బాగుంటాయి. నాదస్వరం, డోలు, డప్పు, అనంతపురం ఉరుము వాద్యాలు ఎంత గొప్పవైనా ఈ పనికి కావు, అవి ఊరంతా వినడానికి పుట్టినవి. కర్నూలు వైపు గొరవయ్యలనే జానపద కళాకారుల పిల్లనగ్రోవి చక్కగా ఒదుగుతుంది, ఢమరుకం మాత్రం పక్కన పెట్టాలి. స్పీకర్లు, ఆంప్లిఫయర్లు అసలే వద్దు.

నాదం ఆరుబయట దూరం రెండింతలైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీటరు దూరంలో 80 ఉన్న వయొలిన్ 2 మీటర్లకు 74, 4కు 68, 8కు 62, 16కు 56, 32 మీటర్లకు 50. మామూలు మాట మీటరు దూరంలో సుమారు 60 అనుకుంటే, పిట్ట ఉన్న చెట్టుకు 30 మీటర్ల ఎడంగా కూర్చున్నప్పుడు మీ వాద్యం దానికి మనిషి మాట కన్నా మెల్లగా చేరుతుంది. ఈ 30 మీటర్లే కనీస దూరం. ఎక్కడో గూడు ఉందని అనుమానం వస్తే ఇంకా రెండింతలు జరగండి.

శ్రుతి పెట్టె ఎప్పుడూ మోగుతూ ఉంటే మీ చెవే మొద్దుబారుతుంది, దూరపు పిట్ట వినపడదు. శ్రుతి చూసుకుని ఆపేయండి. వేణువూ తంత్రీవాద్యమూ కలిసి వాయిస్తుంటే ఒక చిక్కు ఉంది. గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కిన కొద్దీ వేణువు శ్రుతి సుమారు 3 సెంట్లు (పక్కపక్క స్వరస్థానాల ఎడంలో నూరోవంతు ఒక సెంటు) పైకి పోతుంది, తీగలేమో వేడికి సాగి కిందికి దిగుతాయి. ఆరు గంటలకు 24 డిగ్రీలు ఉండి ఏడున్నరకు 31 అయితే వేణువు ఇరవై సెంట్ల దాకా పైకి పోవచ్చు. అంటే ఒక స్వరస్థానానికీ పక్కదానికీ ఉన్న ఎడంలో ఐదోవంతు. మీ ఊపిరి వెచ్చదనం వెదురు లోపల ఉంటుంది కాబట్టి తేడా అంత పూర్తిగా రాకపోవచ్చు, కానీ తీగల తేడా తోడైతే చెవికి తెలిసిపోతుంది. ప్రతి ఇరవై నిమిషాలకూ తీగలు సరిచూసుకోండి. మృదంగం తెచ్చుకుంటే నీడలో గుడ్డ కప్పి ఉంచండి. మన పొడిగాలికి తొప్పి (మృదంగం ఎడమ ముఖం) మీది రవ్వముద్ద త్వరగా ఎండి నాదం పైకి లేస్తుంది. ఒక సీసాలో నీళ్ళు, కొంచెం రవ్వ దగ్గర ఉండాలి.

వాయించడం

ఆ పొద్దు వరస ఇలా ఉంచుకోండి: పది నిమిషాలు ఊరికే వినడం, తర్వాత ఒకే స్వరం, మెల్లగా, ఐదారు సెకన్లు, ఆగి ఒక నిమిషం వినడం. పిట్టల తీరు మారకపోతే రెండు మూడు స్వరాల చిన్న సంచారం, మళ్ళీ మౌనం. వాయించిన దానికి మూడింతలు మౌనంగా ఉండాలి. ఇది మొదట చేతకాదు. కచేరీలో ఖాళీ వస్తే నింపాలని మన చేతులకు అలవాటు. ఇక్కడ ఆ ఖాళీ అవతలివాళ్ళది. ఆ మౌనంతో కలిపి నలభై నిమిషాలకు మించనివ్వవద్దు.

రాగానికి మోహన, హంసధ్వని, హిందోళం లాంటి ఔడవ (ఐదు స్వరాల) రాగాలు మంచివి. స్వరాల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి పిట్ట స్వరం ఎక్కడ పడినా వేరుగా వినిపిస్తుంది. ఏడు స్వరాల సంపూర్ణ రాగంలో గమకాలు దట్టంగా వేస్తే పిట్ట గొంతుకు చోటుండదు. స్థాయి విషయంలో ఒకటే సూత్రం. చిన్న పిట్టల్లో ఎక్కువ 2,000 నుంచి 8,000 హెర్ట్జ్ మధ్య కూస్తాయి. ఒకటో శ్రుతిలో మధ్యస్థాయి షడ్జమం 262 హెర్ట్జే. మంద్రంలోనూ మధ్యస్థాయి కింది సగంలోనూ ఉంటే వాటి దారికి మీరు అడ్డం రారు. తారస్థాయిలో తిరిగే చిన్న వేణువు కన్నా పొడుగు వేణువు తెచ్చుకోండి.

కంసాలి పిట్టతో మొదలుపెట్టడం సులువు. ఎండు కొమ్మ చివర కూర్చుని టుక్, టుక్, టుక్ అని నిమిషానికి 108 నుంచి 121 దెబ్బల వేగంతో నిమిషాల కొద్దీ కొడుతుంది. మెల్లగా మొదలై కాసేపటికి ఒక నడకకు వస్తుంది. ఆ నడక కుదిరేదాకా కలవకండి. కుదిరాక దాని రెండు దెబ్బలను ఒక అక్షరంగా తీసుకుంటే నిమిషానికి 54 నుంచి 60 అవుతుంది, ఆదితాళం ఒక ఆవర్తనం ఎనిమిది సెకన్ల చిల్లర. దాని దెబ్బ మీద మీ దెబ్బ పడనివ్వకుండా, నడుమ పడేట్టు కంజీర మీద వేలితో మాత్రమే వేయండి. తల తిప్పుకుంటూ కూస్తుంది కాబట్టి చప్పుడు ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా అనిపిస్తుంది. అది చూసి వేగం మారిందనుకుని లయ జార్చుకోవద్దు. ఉన్నట్టుండి ఆగిపోతుంది. మీరూ అక్కడే ఆగండి, తీర్మానం వేయనక్కర్లేదు.

కోకిల ఒక్కో కూతకూ శ్రుతి పెంచుకుంటూ పోయి పైన తెంచేస్తుంది. దానితోపాటు పైకెక్కాలని చేయి ఊరుకోదు. ఎక్కకండి. అది ఎక్కుతున్నంతసేపూ మంద్ర షడ్జమం మీద నిలిచి ఉండి, అది తెంచాక వచ్చే ఖాళీలో ఒక చిన్న జారుతో పైనుంచి కిందికి రండి. ఎక్కేది దాని వంతు, దిగేది మీ వంతు. జెముడుకాకి దీనికి తిరగబడిన లెక్క. పొదల్లోంచి ఊప్, ఊప్, ఊప్ అంటూ వచ్చే ఆ గొంతు మన తోపుల్లో వినిపించే మంద్రమైన గొంతుల్లో ఒకటి, ఆకుల గుండా దూరం పోతుంది. అది కూసేటప్పుడు మంద్రం వదిలేయండి, మృదంగం తొప్పి అసలు ముట్టుకోకండి. చాలాసార్లు ఒకటి కూస్తే ఎక్కడి నుంచో ఇంకొకటి బదులిస్తుంది. ఆ బదులు వచ్చేదాకా ఆగడం మర్యాద.

పెద్ద నలంచి దగ్గర చాలా జాగ్రత్త కావాలి. నలుపు తెలుపు మగపిట్ట చెట్టు చిటారుకొమ్మన గానీ కరెంటు స్తంభం మీద గానీ కూర్చుని, ఈలల చరణం ఒకటి పాడి ఆగి ఇంకొకటి పాడుతుంది. వినేవాడికి వెంటనే ఆ చరణాన్ని వేణువు మీద తిరిగి పలికించాలనిపిస్తుంది. పలికించకండి. దాని పాట దానికి తిరిగి వినిపిస్తే తన ఎల్లలోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుంటుంది. అది తోక నిక్కించి, ఈకలు ఉబ్బించి మీ వైపు రెండు మూడు కొమ్మలు దిగి వచ్చిందంటే సంగీతానికి మురిసి కాదు, తగాదాకు వచ్చింది. ఇలాంటి రాకను మెచ్చుకోలుగా చూపించే వీడియోలు చాలా ఉన్నాయి, వాటిని చూసి నేర్చుకోవద్దు. దాని చరణం పూర్తిగా ముగిశాక, దానికి ఏ పోలికా లేని పొడుగాటి స్వరం ఒకటి, ఒక స్థాయి కింద వాయించి వదలండి. చరణం మధ్యలో మీరు దూరితే అదీ ఎదురుపిట్ట చేసే పనే. కొన్ని జాతుల్లో ఒకరి పాట మీద ఒకరు పాడటం సవాలు కింద లెక్క.

నెమలి మీ మృదంగం చాపుకు బదులిచ్చినట్టు అరిచినా పొంగిపోకండి. ఉరుముకూ టపాకాయకూ కూడా అది అలాగే అరుస్తుంది. దెబ్బ మెత్తబరచుకోవాలని దాని అర్థం.

ఎప్పుడు ఆపి లేవాలి

కూస్తున్న పిట్ట రెండు నిమిషాలు మౌనంగా ఉంటే మీరు ఐదు నిమిషాలు ఆగండి. మళ్ళీ మొదలుపెడితే సరే, లేకపోతే ఆ పూట చాలు. పిగిలిపిట్టలూ సిదలూ గుంపుగా గొడవ చేస్తూ ఒకే చోటికి చేరితే దగ్గర్లో పామో, పిల్లో, డేగో ఉంది. అప్పుడు వాటి హెచ్చరిక ఒకదానికొకటి వినపడటం ప్రాణావసరం, వెంటనే ఆపేయాలి. నోట్లో పురుగు పెట్టుకుని కొమ్మ మీద తచ్చాడుతూ దిగని పిట్ట కనిపిస్తే దాని గూటికి మీరు అడ్డంగా ఉన్నారు. తీతువు పిట్ట తల మీద తిరుగుతూ అరిస్తే గుడ్లు నేల మీదే, మీ కాళ్ళ దరిదాపుల్లోనే ఉంటాయి. దుక్కిలో, గట్టు మీద గులకరాళ్ళ మధ్య కనపడనంతగా కలిసిపోతాయి. చూపు నేల మీద పెట్టి వచ్చిన దారినే వెనక్కి నడవండి.

రికార్డు చేయడం

ఫోన్లో మామూలు రికార్డర్ మనిషి గొంతును పట్టుకుని మిగతాది సద్దు కింద కొట్టేస్తుంది. అంటే పిట్టలను తీసేస్తుంది. శబ్దం సవరించకుండా వేవ్ ఫైలుగా దాచే ఆప్ వాడండి, లేదా చిన్న చేతి రికార్డర్ తెచ్చుకోండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ చాలు. లెవెల్‌ను మీ వాద్యం గట్టిగా పలికినప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా పెట్టండి. మైకుకు బొచ్చు తొడుగు లేకపోతే చిన్నగాలికే బుడబుడలు వస్తాయి. రికార్డర్‌ను మీ పక్కన కాక, పిట్టల వైపు ఐదారు మీటర్లు ముందుకు జరిపి, నేలకు మీటరు ఎత్తున ముక్కాలి మీద పెట్టండి. మీ కాళ్ళ దగ్గర పెడితే వయొలిన్ ముందు పిట్ట ఎక్కడో మసగ్గా ఉంటుంది. రెండు రికార్డర్లు వాడితే వాటిని కలుపుకోవడానికి కొట్టే చప్పట్లు మొదట్లో కాదు, అంతా అయ్యాక చివర్లో కొట్టండి.

ఫైలు పేరులో తేదీ, వేళ, తావు, శ్రుతి, గాలి ఎలా ఉందో రాసుకోండి. నలుగురికీ పంచేటప్పుడు ఊరి పేరు దాకా చెప్పండి, గూడు ఉన్న చెట్టు చెప్పకండి. మళ్ళీ అదే తోపుకు వాద్యంతో వెళ్ళడానికి రెండు వారాలు ఎడం ఇవ్వండి. మధ్యలో వెళ్ళాలనిపిస్తే నోటుబుక్కుతో వెళ్ళండి.